స్త్రీలు నిలిపిన యూరు

మొన్నటి వేసవిలో మా అమ్మాయి యింటికి ఇంగ్లండు పోయి మూడు మాసము లుండి వచ్చితిని. వచ్చిన నాటినుండియు ఇరుగుపొరుగు సోదరీమణులు "లండనులో నేమి చూచితివి? రాజుగారి మేడ చూచితివా?" యని యడుగుచునే యున్నారు. చూచితిని. కాని నా మనస్సున నిలిచినది ఆ మేడ కాదు. నాలుగు వీధులు, ఒక వాగు, ఒక ప్రార్థనాలయము, ఒక పాత మఠము మాత్రమే గల లేకాక్ అను చిన్న పల్లె. ఆ పల్లెకు నన్ను తీసికొనిపోయినది టెలివిజనులో చూచిన యొక కథ. ఆ సంగతియే నేడు మన పత్రికా పాఠకురాండ్రకు విన్నవింప దలచితిని.

మా అమ్మాయి కాపురము రెడింగు నగరమున. ఆమెయు అల్లుడును ఉదయమే ఉద్యోగములకు పోవుదురు. ఆ దేశమున వేసవి యనగా మన కార్తీకమాసమువంటి చలి, అందుపై వాన. ఒంటరిగా కూర్చుండి విసుగు చెందుచున్న నన్ను చూచి మా అమ్మాయి, "అమ్మా! ఈ కథ చూచుచుండుము. ఇందులో అందరును నీ యీడు వారే" యని నవ్వుచు టెలివిజను పెట్టి పోయెను. అది బీ.బీ.సీ. వారు 2007వ సంవత్సరమున ప్రసారము చేసిన 'క్రాన్‌ఫర్డ్' అను ధారావాహికము. మన యిండ్లలో సాయంకాలము దీపము పెట్టినది మొదలు భోజనముల వేళవరకు నడచు ధారావాహికములు ఏండ్ల తరబడి సాగును గదా! ఇది యైదే భాగములు. అత్తాకోడండ్ర కుట్రలు లేవు, విషప్రయోగములు లేవు. ఒక పల్లెటూరు, అందు వితంతువులును, పెండ్లి లేక ముదిసిన కన్యలును, వారి టీ విందులు, వారి పంతములు, వారి పేదరికము, అంతే. రెండు దినములలో ఐదు భాగములును చూచి, మూడవ దినమున మొదటినుండి మరల చూచితిని.

కథ వ్రాసిన యామె పేరు ఎలిజబెత్ గాస్కెల్. 1810లో లండను నగరమున పుట్టెను. పసితనముననే తల్లి పోగా తల్లి తోబుట్టువు ఆమెను చెషైర్ మండలములోని నట్స్‌ఫర్డ్ అను చిన్న పట్టణమున పెంచెను. తరువాత ఒక మతబోధకుని పెండ్లాడి మాంచెస్టరులో కాపురముండి, బిడ్డలను పెంచుచు, ఇల్లు నడపుచు, నవలలు వ్రాసెను. తాను పెరిగిన నట్స్‌ఫర్డునే క్రాన్‌ఫర్డ్ అని పేరు మార్చి కథ కల్పించెను. చార్లెస్ డికెన్స్ మహాశయుడు నడపిన వారపత్రికలో 1851 మొదలు 1853 వరకు అప్పుడొక భాగము అప్పుడొక భాగముగా ఆ కథ వెలువడెను. మనము మాసపత్రికలో వచ్చు నవల తరువాయి భాగమునకై ఎదురుచూచునట్లే ఆ కాలపు స్త్రీలును ఎదురుచూచి యుందురు. విక్టోరియా రాణి కాలపు నవలలు అనేకము లిట్లు భాగములుగా వచ్చినవే. అందుచేత నవి టెలివిజనులో భాగములుగా నడచుటకు అనువుగా నుండుటలో వింత లేదు. గాస్కెల్ నవలలే బీ.బీ.సీ. వారు ఎనిమిది యేండ్లలో మూడుమార్లు తీసిరి. 1999లో ఒకటి, 2004లో ఒకటి, 2007లో ఈ 'క్రాన్‌ఫర్డ్'. మొదటి దానిని, అనగా 'వైవ్స్ అండ్ డాటర్స్' అను నవలను, ముగింపకయే 1865లో ఆమె కన్నుమూసెను. కావున ముగింపు టెలివిజను వారే కల్పింపవలసి వచ్చెను.

ధారావాహికమునకు కథ కూర్చినది హైడీ థామస్ అను మరియొక స్త్రీ. ఆమె క్రాన్‌ఫర్డుతో బాటు గాస్కెల్ వ్రాసిన మరి రెండు కథలు, 'మై లేడీ లడ్లో'ను, 'మిస్టర్ హారిసన్స్ కన్ఫెషన్స్'ను, ఒక్క జడలో మూడు పాయలవలె నల్లినది. అక్క డెబోరాగా ఐలీన్ ఆట్కిన్స్, చెల్లెలు మాటీగా జూడి డెంచ్ నటించిరి. పిల్లి యొకటి పాలలో నానవేసిన విలువైన లేసును మ్రింగుట, సున్నపుగోతిలో పడి రోమములు పోయిన యావునకు ఉన్నిబట్ట కుట్టి తొడుగుట మొదలగు ముచ్చటలు నవలలో నున్నవే. మార్చినవియు గలవు. నవలలో కెప్టెన్ బ్రౌన్ అను సజ్జనుడు డికెన్స్ పుస్తకము చదువుచుండగా రైలు వచ్చుట చూచి, పట్టాలపైకి పోయిన యొక బిడ్డను కాపాడి, తాను బండి క్రింద పడి చనిపోవును. ఆ భాగము తన పత్రికలో నచ్చొత్తునపుడు డికెన్స్ తన పుస్తకము పేరు తీసివేసి మరియొకరి పేరు వేసెనట! తన పత్రికలో తన పొగడ్త బాగుండదని ఆయన సంకోచము. ధారావాహికమున ఈ కెప్టెన్ చనిపోడు. పైగా ఊరికి రైలు తెచ్చు పనిలోనే చేరును. మొదట నాకిది నచ్చలేదు. రైలు ఒక మంచివాని ప్రాణము తీయుటలో గల భయము, ఆయనయే రైలు కంపెనీ కొలువున చేరుటలో లేదు. కాని మరల చూడగా, ఊరు మారిపోవుచున్నదను దిగులు ఐదు భాగములలోను వ్యాపించుటకు అట్లు చేసిరని తోచినది.

ఒక ఆదివారము ఉదయమున మా అమ్మాయి, "అమ్మా! నీ క్రాన్‌ఫర్డ్ చూతువా? బండిలో గంటసేపటి ప్రయాణము" అనెను. నట్స్‌ఫర్డ్ అంత దగ్గర గాదే యని నేను సందేహించితిని. అప్పుడామె చెప్పెను: కథ పుట్టిన నట్స్‌ఫర్డ్ నేడు మోటారుబండ్లతో, కొత్త యంగళ్లతో నిండిన పట్టణము, నూట యెనుబది యేండ్ల క్రిందటి ముఖము దానికి లేదు, కావున నూరు మైళ్లకు పైగా దూరమున, విల్ట్‌షైర్ మండలమున నున్న లేకాక్ అను పల్లెను క్రాన్‌ఫర్డుగా చూపిరి అని. ఒక యూరు కథలో మరియొక యూరు వేషము కట్టినదన్నమాట.

రెడింగులో రైలెక్కి పడమటగా పోయి చిప్పెన్‌హామ్ స్టేషనున దిగితిమి. ఆ మార్గము బ్రునెల్ అను ప్రసిద్ధ యింజనీరు వేసినది. చిప్పెన్‌హామునకు 1841లో రైలు వచ్చెను. ధారావాహికములోని కథ 1842లో మొదలగును. క్రాన్‌ఫర్డ్ స్త్రీలు వణకిన రైలే, వారి వేషము కట్టిన యూరికి నన్ను చేర్చుచున్నదని తలచి నవ్వుకొంటిని. అచ్చటనుండి మూడు మైళ్లు బస్సు.

లేకాకులో వీధులు నాలుగే. నాలుగును కలిసి చదరముగా నుండును. ఇండ్లు కొన్ని రాతివి, కొన్ని ఇటుకవి, కొన్ని కఱ్ఱ చట్రముల నడుమ సున్నము పూసినవి. ఏ రెండు ఇండ్ల కప్పులును సమముగా లేవు. ముసలివారు భుజము భుజము ఆనించి కూర్చున్నట్లు, ఒకటి ముందునకు వాలి యుండును, ఒకటి వెనుకకు. వీధిలో విద్యుత్తీగెలు కనబడవు, కప్పులపై టెలివిజను కమ్ములు కనబడవు. పదునాలుగవ శతాబ్దమునాటి ధాన్యపు కొట్టము, దాని ప్రక్కనే త్రాగుబోతులను రాత్రి మూసియుంచిన కిటికీలేని చిన్న రాతిగది నేటికిని నిలిచి యున్నవి. ఊరి చివర సన్నని వాగు బాట కడ్డముగా పాఱును. పిల్లలు చెప్పులు చేతబట్టి అందు దాటుచుండిరి. మధ్యయుగమున ఉన్ని వ్యాపారముతో వర్ధిల్లిన యీ యూరు తరువాత యంత్రములు, కార్ఖానాలు ఇతర స్థలములకు పోగా వెనుకబడెను. అందుచేతను, ఊరంతయు ఒక్క కుటుంబము వారి యాస్తి యగుటచేతను, కూల్చి కట్టువారు లేకపోయిరి.

పెద్దవీధిలో నిలిచి చూచినంతనే గుర్తుపట్టితిని. బొంగరములవలె నడచు ముసలమ్మలు వార్తలు మోసికొని పరుగెత్తినది ఈ వీధియే. చిత్రములు తీయునపుడు తారుబాట కనబడకుండ మట్టి పరచుదురట. 1995లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ధారావాహికమునకును ఈ వీధియే పట్టణ మయ్యెను. ఆ నవల విక్టోరియా కాలమునకు ముందుది. ఐనను ఈ గోడలకు ఆ తేడా పట్టింపు లేదు.

ఒక యింటిముందు ఒక వృద్ధురాలు పూలతొట్లకు నీరు పోయుచుండెను. నేను చీర కట్టుకొని పోయితిని గాన ఆమెయే ముందుగా పలుకరించి, ఏ దేశమని యడిగెను. మాటలలో, "మీ యూరు టెలివిజనులో చూచి వచ్చితిమి" అంటిని. ఆమె నవ్వి, "అందరును అందుకే వత్తురు. ఒకనాడు నేను కూర తరుగుకొనుచుండగా ఎవరో దంపతులు తలుపు తెఱచుకొని నేరుగా వంటింటిలోనికి వచ్చి నిలిచిరి. ఇదియును ప్రదర్శనశాల యనుకొనిరట! వారికి నేనే టీ కాచి యిచ్చి పంపితిని" అనెను. ఆ యిల్లు ఆమెది కాదు. ఊరిలో నించుమించు ఇండ్లన్నియు నేషనల్ ట్రస్టు అను సంస్థవి; వారందరును అద్దెకున్నవారే. తలుపునకు రంగు వేయవలెనన్నను అడిగి వేయవలెను. "కష్టముగా లేదా?" యని యడిగితిని. "ఉన్నది. కాని మా అమ్మమ్మ కూడ ఈ గడప తుడిచినదే" యని యామె తొట్టి ప్రక్కకు జరిపెను. నాకింకేమియు అడుగ బుద్ధిపుట్టలేదు. మనము టెలివిజనులో ముచ్చటపడు పాతదనమును దినదినము కడిగి తుడిచి నిలుపువారు వేరొకరు.

ఊరి ప్రక్కనే పచ్చికబయళ్ల నడుమ మఠము గలదు. దాని కథ వినదగినది. పదుమూడవ శతాబ్దమున ఈలా అను నామె సేలిస్బరీ సంస్థానమునకు హక్కుదారురాలు. భర్త విలియం లాంగెస్పీ 1226లో చనిపోయెను. వితంతువైన యామెను మరల పెండ్లాడి యాస్తి చేజిక్కించుకొనవలెనని చూచువారుండగా, ఆమె యొప్పుకొనక, స్త్రీలకు దుర్లభమైన షెరీఫు పదవి వహించి విల్ట్‌షైర్ మండలమును కొన్నాళ్లు పాలించెను. 1232లో ఈ లేకాకున సన్యాసినుల మఠమునకు పునాది వేసి, తానును అందే చేరి, 1240 ప్రాంతమున మఠాధ్యక్షురాలై, అచ్చటనే తనువు చాలించెను. మూడువందల యేండ్లు ఆ మఠము స్త్రీల ఏలుబడిలో నడచెను. ఎనిమిదవ హెన్రీ రాజు మఠములన్నిటిని మూయించినపుడు 1539లో ఇదియు మూతపడెను. షారింగ్టన్ అను ధనికుడు కొని, చర్చిని పడగొట్టి, తక్కినదానిని నివాసగృహముగా మార్చెను. అతని తమ్ముని కూతురు ఆలివ్ టాల్బట్ వంశములో మెట్టగా ఊరును మఠమును టాల్బటుల వయ్యెను. సన్యాసినులు నడచిన రాతి వసారాలు మాత్రము చెక్కుచెదరక యున్నవి. హారీ పోటర్ చిత్రములలో మంత్రవిద్యాశాల వసారాలుగా కనబడునవి ఇవియే.

ఆ యింట ఒక చిన్న కిటికీ గలదు. దానిముందు చాలమంది గుమిగూడి యుండిరి. 1835వ సంవత్సరము ఆగస్టు మాసమున విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఆ కిటికీ రూపమును ఒక చిన్న కాగితముపై పట్టెను. తపాలా బిళ్ల యంత కాగితము. అది నేటికిని భద్రముగా నున్న ఫోటో నెగెటివులన్నిటిలో పురాతనమైనది. ఆయన ఇంటినిండ నుంచిన చిన్న కేమెరా పెట్టెలను చూచి భార్య కాన్‌స్టాన్స్ ఎలుకబోనులని పరిహసించెను. పరిహసించి యూరకుండక తానును ఆ విద్య ప్రయత్నించెను. ఛాయాచిత్రములు తీసిన మొదటి స్త్రీలలో నామె నొకతెగా చెప్పుదురు. ఆ కిటికీవద్ద నిలిచినపుడు నాకొక సంగతి తట్టెను: కేమెరా పసితనమున నున్న యింటికే నూటడెబ్బది యేండ్లకు కేమెరా తిరిగివచ్చి, ఆ తొలి దినముల కాలపు కథను తీసికొని పోయెను.

ఫాక్స్ టాల్బట్ మనుమరాలు మటిల్డాకు 1916లో ఈ యాస్తి సంక్రమించెను. ఆమెకు భర్తయు బిడ్డలును లేరు. 1944లో, యుద్ధము జరుగుచుండగనే, మఠమును ఊరిని మొత్తము నేషనల్ ట్రస్టునకు దానము చేసెను. ఈలా కాలమునుండి మఠమున నుండిన 1225 నాటి మాగ్నా కార్టా ప్రతిని బ్రిటిషు మ్యూజియమున కిచ్చివేసెను. ఆ ట్రస్టును 1895లో స్థాపించిన మువ్వురిలోను ఆక్టేవియా హిల్ అను స్త్రీ యుండుట గమనింపదగినది. స్థాపించినది స్త్రీ, కట్టిపెట్టి యితరులకు అప్పగించినది స్త్రీ, నడుమ గడపలు కడిగినవారు స్త్రీలు. అట్టి యూరు, స్త్రీలే ఏలు క్రాన్‌ఫర్డుగా వేషము కట్టుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని నాకు యాదృచ్ఛికముగా తోచలేదు.

మధ్యాహ్నము టీ దుకాణమున కూర్చుంటిమి. అప్పుడు మా అమ్మాయితో, "నీకొక సంగతి చెప్పవలెను" అంటిని. అది చెప్పుటకు ముందు నవలలోని యొక ఘట్టము పాఠకురాండ్రకు చెప్పవలసి యున్నది.

అక్క డెబోరా చనిపోవుచు తమ సొమ్మునంతయు ఒక జాయింటు స్టాకు బ్యాంకులో నుంచి పోయెను. చెల్లెలు మాటీ ఒకనాడు కొత్త పట్టుబట్ట కొనుటకు అంగడికి పోవును. అచ్చట నొక రైతు తన భార్యాబిడ్డలకై బట్టలు తీసి అయిదు పౌనుల నోటు ఇయ్యగా, ఆ బ్యాంకు మునుగునని వార్త వచ్చినది గాన చెల్లదని అంగడివాడు త్రోసివేయును. మాటీ ఆ బ్యాంకులో వాటాదారు. తన చేతిసంచినుండి అయిదు బంగారు నాణెములు తీసి రైతున కిచ్చి, ఆ చెల్లని నోటు తాను పుచ్చుకొని, బట్ట కొనకయే యింటికి మరలును. బ్యాంకు మునిగెను. ఏటికి నూట నలువది తొమ్మిది పౌనుల పదుమూడు షిల్లింగుల నాలుగు పెన్సుల యాదాయము పోయెను. మిగిలినది పదుమూడు పౌనులు మాత్రమే. అప్పుడు ఊరి స్త్రీలు, తామును పేదవారే యైనను, ఒకరి కొకరు తెలియకుండ, ఎవరెంత యియ్యగలరో కాగితముపై వ్రాసి ముద్రవేసి యిత్తురు. మాటీకి మాత్రము ఆ సంగతి తెలియనీయరు. పనిమనిషి మార్తా తాను తొందరగా పెండ్లి చేసికొని, యజమానురాలిని తన యింట అద్దెకు పెట్టుకొన్నట్లు ఏర్పాటు చేయును. మాటీ ఇంటిలోనే టీ ఆకు అమ్మ మొదలుపెట్టును. మొదలుపెట్టుటకు ముందు ఊరి అంగడివాని వద్దకు పోయి, తన వలన ఆయన బేరము చెడునేమో యని యడుగును. ఆయన మాటీ టీ మంచిదని తన బేరమును ఆమెవద్దకే పంపును. చూడుడు, ఎవరెవరికి పోటీయో!

ఇక నా సంగతి. గోదావరి తీరమున నొక చిన్న పట్టణములో మా మేనత్త యొకతె యుండెను. బడిపంతులుగారి వితంతువు; బిడ్డలు లేరు. పెనిమిటి పింఛనులో మిగిల్చి చీట్ల కంపెనీ యొకదానిలో పొదుపు చేసెను. తాను చేరుట యట్లుండ, ఇంటికి పాలు పోయు మనిషిని కూడ "నీ కూతురు పెండ్లికి పనికివచ్చును" అని చేర్పించెను. నా పెండ్లియైన రెండవ యేట ఆ కంపెనీ తలుపు మూసెను. మా మేనత్త మూడు దినములు మాటలాడలేదు. నాలుగవ దినమున తన చేతి బంగారు గాజుల జత నమ్మి, పాలమనిషి కట్టిన సొమ్ము రెండువేల రూపాయలును ఆమె చేతిలో పెట్టెను.

ఆ గాజులు నాకిచ్చెదనని మా మేనత్త నా చిన్ననాటినుండి చెప్పుచుండెను. నేను పోయి, "లోకజ్ఞానము లేదు నీకు. కంపెనీవాడు ముంచితే నీవెందు కియ్యవలె?" నని పదిమందిలో నంటిని. మా మేనత్త "దానిని చేర్పించినది నేను గదమ్మా" యని మాత్రమే యనెను. ఆ కోపముతో నేను ఏడాది ఆ గడప త్రొక్కలేదు. ఆ యేడాదియంతయు మా మేనత్త అప్పడములు, వడియములు, కందిపొడి చేసి యమ్మి పొట్టపోసికొనెను. ఎదురింటి సుబ్బమ్మగారు మద్రాసులోని కూతురడిగినదని నెలకు రెండువందల అప్పడములు తీసికొనెడిది. మా మేనత్త పోయిన పిమ్మట సుబ్బమ్మగారి యింటికి పోయితిని. అటకపై మూడు డబ్బాల అప్పడములు! "మా అమ్మాయికి అప్పడములు పడవు తల్లీ, వైద్యుడు వలదన్నాడు. మీ మేనత్త చేయి ఊరకుండరాదని కొన్నాను" అని యామె చెప్పెను.

ఆనాడు నాకు సిగ్గు కలిగినమాట నిజము. కాని ఆ సిగ్గునకు మాటలు దొరకలేదు. ముప్పదియైదేండ్లకు పైగా గడచిన పిమ్మట, పరాయి దేశమున, వానలో, మాటీ తన చేతిసంచి తెఱచుట చదివినపుడు దొరకినది. ధారావాహికము చూచిన వెంటనే మా అమ్మాయి పుస్తకము తెచ్చి యిచ్చినది గాన ఆ ఘట్టమును నెమ్మదిగా చదివితిని. మాటీని బుద్ధిలేనిదని అంగడిలోనివారు అనుకొనునట్లే నేనును మా మేనత్త ననుకొంటిని. ఆమెకు లెక్క రాక కాదు. ఆమె లెక్కలో పాలమనిషి కూతురు పెండ్లి కూడ నుండెను. నా లెక్కలో గాజులే యుండెను.

మా అమ్మాయి విని చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "అమ్మా, ఆ మాట నీవు ఇన్నాళ్లు నాకెందుకు చెప్పలేదు?" అనెను. "గాజులు కావలెనన్నదానిని నేనే గదా" యంటిని.

ఒక్క మాట చెప్పనిచో ఈ కథను అన్యాయముగా పొగడినట్లగును. నవల చివర మాటీ తమ్ముడు పీటర్ తిరిగి వచ్చి ఆమె కష్టము తీర్చును. అతడు చిన్ననాడు తండ్రి కొట్టిన దెబ్బలకు ఇల్లు విడిచి పాఱిపోయి, బర్మా యుద్ధమున చిక్కి, తుదకు మన దేశమున నీలిమందు పండించు దొరయై యుండెను. అక్కకు మన దేశపు సన్నని మస్లిను గౌను, ముత్యాలదండ తెచ్చును; ఆమె వానిని ధరించు వయసు దాటినది గాన అవి యట్లే యుండును. ఆ ఘట్టము చదువువారికి కన్నులు చెమ్మగిల్లును. కాని నీలిమందు దొరల పేరు విన్న మనకు మరియొకటియు జ్ఞాపకము వచ్చును. రైతులచే బలవంతముగా నీలిమొక్క వేయించి వారిని అప్పులలో ముంచిన దొరతనమునకు విసిగి 1859లో వంగదేశపు రైతులు తిరుగబడిరి. క్రాన్‌ఫర్డ్ స్త్రీలకు ఆ సంగతి తెలియదు. గాస్కెల్ దానిని ప్రస్తావింపలేదు. టెలివిజను వారును దాని జోలికి పోలేదు. చక్కని వీధిపై మట్టి పరచి తారు కప్పినట్లే, చక్కని కథయు కొన్నిటిని కప్పును. అందుచేత కథ చెడ్డదని కాదు. చూచువారు ఆ మట్టి క్రింద నున్నదానిని కూడ ఎఱిగి చూడవలెనని నా యభిప్రాయము.

సాయంకాలము బస్సునకై నిలిచినపుడు ఉదయపు వృద్ధురాలు తొట్లను లోపలికి తీసికొనుచు చేయి యూపెను. వీధిలో దీపములు వెలిగెను. ఒక్క యింటి కిటికీలో నీలికాంతి కదలాడుచుండెను. లోపల ఎవరో టెలివిజను చూచుచున్నారు. వారి యూరు ప్రపంచమంతట టెలివిజనులో కనబడగా, వారు తమ యింట కూర్చుండి ఏ దేశపు కథ చూచుచున్నారో!

సోదరీమణులారా! ఇంగ్లండు పోవువారు లేకాకు చూడుడు. పోలేనివారు ఆ ధారావాహికము చూడుడు. వీలైనచో నవల చదువుడు, అది చిన్నదే. అంతకంటె ముఖ్యముగా, మీ యిండ్లలో లోకజ్ఞానము లేదని పేరు పడిన పెద్దమ్మలు, మేనత్తలు ఉన్నయెడల, వారు చేసిన లెక్క యేమో ఒకసారి కూర్చుండి అడుగుడు. నేను అడుగుటకు ఆలస్యము చేసితిని. ఊరికి వచ్చిన వెంటనే ఆ పాలమనిషి కూతురిని వెదకి చూచితిని. ఆమెకు మనుమలు కలిగిరి. మా మేనత్త పటము ఆమె యింట దేవుని పటముల వరుసలో నున్నది. నా యింటిలో నింతవరకు లేదు. ఈ వ్యాసము ముగించి ఆ పటమునకు చట్రము కట్టింప బోవుచున్నాను.